గంజాయి: దండమా, దమమా?

సజ్జనుల నడుమ చేరిన దుర్జనుని జూపి "తులసివనములో గంజాయి మొక్క" యనుట తెలుగువారి వాడుక. పల్లెటూరి వృద్ధురాలు మొదలు పట్టణపు పండితుని వరకు ఈ సామెత నెరుగనివా రుండరు. తులసి యెంత పవిత్రమో గంజాయి యంత హేయమను తీర్పు ఇందు ముందే యిమిడియున్నది. విచారణకు తావు లేదు. ఇట్టి సామెతతో పెరిగిన తెలుగువాడొకడు ఉద్యోగార్థమై ఢిల్లీ ప్రాంతమునకు పోయి, యమునకు తూర్పున హిండన్ నదీతీరమున నున్న ఘాజియాబాదులో కాపురము పెట్టె ననుకొందము. ప్రభుత్వపు లైసెన్సుతో భంగు నమ్ము దుకాణములు అచట నతని కంటబడును. ఉత్తరప్రదేశపు ఆబ్కారీశాఖ మద్యపు దుకాణములకు వలెనే వీనికిని అనుమతి నిచ్చి రుసుము వసూలు చేయుచున్నది. భంగు వేఱొక చెట్టు కాదు. గంజాయి మొక్క యాకే భంగు. తన యూరిలో ఏ మొక్క పేరు తిట్టుగా చెల్లునో, ఆ మొక్క యాకు ఇచట హోలీనాడు పాలతో, బాదముతో, సోంపుతో నూరబడి ఠండాయియై బంధుమిత్రులకు పంచబడుచుండుట చూచి అతడు విస్తుపోవుట సహజము.

చట్టము నడిగినచో సమాధానము మఱింత విచిత్రముగా నుండును. 1985లో పార్లమెంటు చేసిన మాదకద్రవ్యముల చట్టము, గంజాయి యనగా ఆ మొక్కయొక్క పూత, కాత గల కొనలని నిర్వచించి, ఆ కొనలతో కూడని ఆకులను, గింజలను నిర్వచనమునుండి తప్పించినది. కావున ఒకే కొమ్మకు పుట్టిన ఆకు అంగడి కెక్కుచున్నది, పువ్వు న్యాయస్థానమున కెక్కుచున్నది. 20 కిలోలకు మించిన గంజాయితో పట్టుబడినవానికి 10 ఏండ్లకు తగ్గకుండ 20 ఏండ్ల వరకు కఠినకారాగారము, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా విధింపబడును. కిలో లోపు దొరికినను ఏడాది వరకు కారాగారము తప్పకపోవచ్చును.

ఈ భేదమును చూపి కొందఱు గంజాయిని సయితము చట్టసమ్మతము చేయవలెనని వాదించుచున్నారు. మఱికొందఱు ఇదే భేదమును చూపి భంగును సయితము నిషేధింపవలె నందురు. ఇది శాసనకర్తల కలహము, ఆధ్యాత్మికజిజ్ఞాసువునకు దీనితో నేమి పని యని పాఠకులలో కొందఱకు తోచవచ్చును. కాని మనస్సును వశపఱచుకొనుటయే తన జీవితకార్యమని యెంచువాడు, మనస్సును పరవశము చేయు వస్తువును గూర్చిన ప్రశ్నను పరాయిదని త్రోసివేయజాలడు. పైగా ఈ విషయమున దేవుని పేరు కూడ లాగబడుచున్నది.

ముందు చరిత్ర. 1893లో బ్రిటిషు పార్లమెంటులో లేచిన యొక ప్రశ్న ఫలితముగా, భారతదేశమున గంజాయి, భంగు, చరసుల వాడుకను విచారించుటకు ఒక సంఘము నియమింపబడెను. దానికి మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. సభ్యులలో మువ్వురు భారతీయులు. వారు దేశమంతట తిరిగి 1,193 మంది సాక్షులను విచారించి 1894లో పెక్కు సంపుటముల నివేదికను సమర్పించిరి. గంజాయివలననే పిచ్చివారైరని వైద్యాలయముల పుస్తకములలో వ్రాయబడియున్న రోగుల వృత్తాంతములను ఆ సంఘము మరల పరీక్షించెను. పెక్కింటి యందు ఆ మాటకు ఆధారమే లేదని తేలెను. రోగి యెందులకు పిచ్చివాడయ్యెనో తెలియనపుడు గంజాయి యని వ్రాయుట గుమాస్తాలకు అలవాటై పోయినది! మితముగా వాడినచో చెప్పుకోదగిన హాని లేదు, అతిగా వాడినచో దేహమునకు, మనస్సునకు, శీలమునకు గూడ హాని కలదు, సంపూర్ణనిషేధము అవసరము కాదు, పన్ను వేసి అదుపులో నుంచుట మేలు. ఇది ఆ సంఘపు తీర్పు. ఆ కాలమున మన బాపట్ల ప్రాంతపు గ్రామములలో గూడ సర్కారు పర్యవేక్షణలో గంజాయి సాగు జరుగుచుండెనని నేటివా రెంతమంది యెఱుగుదురు?

ఆ నివేదిక నిష్పక్షపాతముగా వ్రాయబడినదనుటలో సందేహము లేదు. అయినను దానిని చదువునపుడు ఒక సంగతి మఱవరాదు. పన్ను వసూలు చేయు ప్రభుత్వమునకు పన్ను వేయుట మేలను తీర్పు చేదుగా నుండదు. మత్తుమీది రాబడికి అలవాటుపడిన ఖజానాకు గూడ ఒక విధమైన వ్యసనమే పట్టును. ఈ మాట ఆనాటి తెల్లదొరల కెంత వర్తించునో నేటి మన రాష్ట్రప్రభుత్వముల కంతయు వర్తించును.

1961లో ఐక్యరాజ్యసమితి యాధ్వర్యమున మాదకద్రవ్యములపై ఒక అంతర్జాతీయ ఒడంబడిక కుదిరెను. అందు గంజాయి కఠినమైన పట్టికలలో చేరినది. ఆకులు మాత్రము నిర్వచనమునుండి తొలగింపబడినవి. అనాదిగా వాడుక గల దేశములకు దానిని మాన్పించుటకు 25 సంవత్సరముల గడువీయబడెను. ఆ గడువు తీరవచ్చిన సమయముననే మన 1985 నాటి చట్టము పుట్టినది. కాబట్టి ఆకునకు, పువ్వునకు నడుమ గీచిన గీత ఋషులు గీచినది కాదు. రాయబారుల బేరసారములలో తేలినది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యసంఘము 27 వోట్లకు 25 వోట్ల తేడాతో గంజాయిని అతికఠినమైన నాల్గవ పట్టికనుండి తొలగించెను. భారతదేశము ఆ తొలగింపునకు అనుకూలముగా వోటు వేసెను. అయినను అది మొదటి పట్టికలో నిలిచియే యున్నది. వైద్యపరిశోధనకు ద్వారము కొంత తెఱువబడినదని మాత్రమే దీని యర్థము. విలాసముగా పీల్చుటకు అనుమతి దొరకినదని కాదు.

ఇక దేవుని మాట. ఘాజియాబాదులో దూధేశ్వరనాథుని ప్రాచీనాలయము కలదు. శ్రావణమాసమున హరిద్వారమునుండి గంగాజలమును కావళ్లతో మోసికొని, ముజఫర్‌నగరు, మీరటు, మోదీనగరు మీదుగా కాలినడకన వచ్చు యాత్రికులు లెక్కకు మిక్కిలిగా ఆ త్రోవను నడచుదురు. వారిలో పెక్కుమంది దూధేశ్వరునకే అభిషేకము చేయుదురు. కాళ్లు బొబ్బలెక్కినను కావడిని నేల మోపక నడచు ఆ భక్తుల దీక్ష ఎవరికైనను చేతులు జోడింపదగినది. కాని యీ గుంపులలో "ఇది భోలానాథుని ప్రసాద"మని చెప్పి భంగు త్రాగువారును, చిలుము పీల్చువారును లేకపోలేదు. శివుడు సేవించెను గాన మేమును సేవింతుమని వారి వాదము.

దీనికి శాస్త్రాధారము లేకపోలేదు. ఉన్నంతవరకు నిజాయితీగా చెప్పుకొందము. అథర్వవేదమున సోముడు రాజుగా గల యైదు ఓషధులలో భంగ పేర్కొనబడినది. అది నేటి భంగేనా యనుటలో పండితులలో భిన్నాభిప్రాయములు గలవు. భావప్రకాశనిఘంటువు దీనికి గంజా, మాతులానీ, మాదినీ, విజయా, జయా యని పేళ్లు పెట్టి, కఫమును హరించును, జీర్ణశక్తిని పెంచును, మోహమును మదమును గూడ పెంచునని ఒకే యూపిరిలో గుణదోషములు రెండును చెప్పినది. శార్ఙ్గధరసంహిత మఱింత సూక్ష్మముగా విభజించెను. జీర్ణము కాకముందే దేహమంతట వ్యాపించు ద్రవ్యములకు ఉదాహరణముగా భంగును, నల్లమందును చూపెను. బుద్ధిని లోపింపజేయునది, తమోగుణప్రధానమైనది మదకారి యని వేఱుగా నిర్వచించి దానికి మద్యమును ఉదాహరించెను. మన వైద్యులకు భంగు విషమును కాదు, అమృతమును కాదు, మందు. మందనగా ఏమి? రోగికి, మోతాదులో, వైద్యుని చేతిమీదుగా నిచ్చునది. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినను అది మందు కాదు.

వంగదేశమున భంగునకు "సిద్ధి" యని పేరు. ఈ పేరు సాధకుని పాలిటి ఉచ్చు. పతంజలి కైవల్యపాదమునకు ఆరంభముననే, సిద్ధులు జన్మమువలనను, ఓషధులవలనను, మంత్రమువలనను, తపస్సువలనను, సమాధివలనను గలుగునని చెప్పెను గదా, ఓషధిని పతంజలియే అంగీకరించెను గదా యని వాదించువారిని చూచుచున్నాము. వారు ఆ సూత్రము దగ్గఱనే పుస్తకము మూసివేయుదురు. మఱి నాలుగు పుటలు తిరుగవేసినచో, ఈ యైదు విధముల చిత్తములలో ధ్యానమువలన గలిగినది మాత్రమే వాసనాసంచయము లేనిదని ఆ మహర్షియే తేల్చియుంచుట కనబడును. ఓషధి చూపినది దృశ్యమే కావచ్చును. కాని చూచినవానిని అది శుద్ధి చేయదు. మత్తు దిగినపిదప అతడు ఎక్కడ నుండెనో అక్కడనే యుండును. పైగా ఆ దృశ్యము మరల కావలెనను తృష్ణ యొకటి క్రొత్తగా సంచితమగును. ఓషధులవలని సిద్ధికి వ్యాసభాష్యము చూపిన ఉదాహరణము గూడ గమనింపదగినది: అసురభవనములలోని రసాయనములు!

శివుని సంగతి. క్షీరసాగరమున హాలాహలము పుట్టినపుడు లోకములు మాడిపోవుచుండగా దానిని గ్రహించి కంఠమున నిలిపినవాడు శివుడు. లోపలికి దిగనీయలేదు, వెలుపలికి రానీయలేదు. లోకము మత్తులో, విషములో పడకుండుటకై తాను దానిని ధరించెను. ఆయన ననుకరింపదలచినవాడు పొరుగువాని విషమును తాను భరించుటతో మొదలు పెట్టవలెను గాని, తన సుఖమునకై చిలుము నంటించుటతో కాదు. నీలకంఠుని కంఠమును విడిచి చిలుమును మాత్రమే పట్టుకొనిన భక్తి యెంత సులభమైనది! అట్లని, పండుగనాడు పెద్దల సంప్రదాయముగా నించుక భంగు పుచ్చుకొను ఉత్తరదేశపు గృహస్థుని పాపియని నిందించుట నా యుద్దేశము కాదు. అతడు దానిని మోక్షసాధనమని చెప్పుకొననంతవరకు మనకు పేచీ లేదు.

ఘాజియాబాదునకు ఈ విషయముతో మఱియొక గట్టి సంబంధము కలదు. (నల్లమందు కర్మాగారము గల గంగాతీరపు ఘాజీపూరును, ఈ ఘాజియాబాదును ఒకటిగా భ్రమించువారు కలరు, ఆ యూరు వేఱు, ఈ యూరు వేఱు.) ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థకు చెందిన జాతీయ మాదకద్రవ్యవ్యసన చికిత్సాకేంద్రము ఈ నగరముననే, కమలా నెహ్రూ నగరులో, 2003 నుండి యున్నది. కేంద్రప్రభుత్వ సామాజికన్యాయశాఖ కోరికపై దేశమంతటి మత్తువాడుకను లెక్కించి 2019లో నివేదిక వెలువరించినది ఈ కేంద్రపు వైద్యులే. దాని ప్రకారము ఏడాదికాలములో ఏదో యొక రూపమున గంజాయి మొక్కను సేవించినవారు సుమారు 3 కోట్ల 10 లక్షలమంది. భంగు వాడినవారు 2 కోట్ల 20 లక్షలు. గంజాయి, చరసు వాడినవారు 1 కోటి 30 లక్షలు. రెండును వాడినవారు ఇందు రెండుచోట్లను లెక్కకు వచ్చిరి. వీరిలో సహాయము కావలసినంతటి యిబ్బందిలో నున్నవారు 72 లక్షలు. వాడుకదారుల సంఖ్యలో భంగుదే పైచేయి యైనను, హాని పొందినవారి నిష్పత్తి గంజాయి, చరసులలోనే యెక్కువ. ఆకునకు, పువ్వునకు రాయబారులు గీచిన గీత కేవలము అర్థరహితము కాదని దీనివలన తేలుచున్నది. అదే నివేదికలో మద్యము త్రాగువారు 16 కోట్లమంది. వారిలో 5 కోట్ల 70 లక్షలమందికి సహాయము అవసరము.

ఈ చివరి యంకెను చట్టసమ్మతవాదులు తమ పక్షమున చూపుదురు. ఇంత హాని చేయు మద్యమును వీథివీథిని అమ్మించుచు, దానికంటె తక్కువమందిని బాధించు గంజాయికి 20 ఏండ్ల కారాగారమా యందురు. ఈ ప్రశ్నలో పదును గలదు. కాని దీనినుండి వచ్చు నిర్ణయము వారు తీయునది కాదు. మద్యము చట్టసమ్మతమైనందుననే 16 కోట్లమందిని చేరగలిగినది. ఒక దొంగ తలుపు తెఱచియున్నదని రెండవ తలుపును గూడ తీసియుంచుమనుట లోకజ్ఞానము గాదు.

లోకానుభవము నింకను చూతము. 2013లో ఉరుగ్వే, 2018 అక్టోబరులో కెనడా, 2024 ఏప్రిలులో జర్మనీ గంజాయిని పెద్దలకు అనుమతించినవి. కెనడాలో లైసెన్సు గల దుకాణములు వెలసినవి; జర్మనీ వ్యాపారమును పూర్తిగా తెఱువక ఇంటి పెంపకమునకు, సభ్యుల సంఘములకు మాత్రమే యిచ్చినది. మన పొరుగున బౌద్ధదేశమైన థాయిలాండు 2022 జూనులో నిషేధము నెత్తివేసి, వేలకొలది దుకాణములు పుట్టుకొనిరాగా కంగారుపడి, 2025 జూనులో వైద్యుని చీటీ లేనిదే పువ్వు నమ్మరాదని మరల కట్టడి చేసినది. మూడేండ్లలో మూతవేయబడిన యీ ప్రయోగము ఒక విషయమును తెలుపుచున్నది. శిక్షను తీసివేయుట వేఱు, అంగడిని తెఱచుట వేఱు. అంగడి తెఱచినవాడు ఊరకుండడు. పాత కొనుగోలుదారుతో తృప్తిపడక క్రొత్తవానిని వెదకును. పదునైన సరకును తయారుచేయును. నేటి పాశ్చాత్య దుకాణములలోని గంజాయిలో మత్తుగొలుపు టి.హెచ్.సి. యను పదార్థము ఏబదేండ్ల క్రిందటి దానికంటె ఎన్నోరెట్లు హెచ్చు. పదునెక్కువైన గంజాయిని చిన్నవయస్సునుండి నిత్యము వాడువారిలో ఉన్మాదరోగములు హెచ్చుగా గన్పట్టునని వైద్యులు గుర్తించియున్నారు. 1894 నాటి సంఘము చూచిన గంజాయి యిది కాదు.

వైద్యమున దీని యుపయోగమును కాదనరాదు. 1839లోనే కలకత్తా వైద్యకళాశాలలో ఓషానసీ యను వైద్యుడు దీనిని ధనుర్వాతమునకు, శిశువుల మూర్ఛకు వాడిచూచి లోకమునకు వెల్లడించెను. నేడు శిశువుల కొన్ని తీవ్రమూర్ఛలకు ఈ మొక్కనుండి తీసిన, మత్తులేని సారము అంగీకరింపబడిన ఔషధము. వైద్యమునకు, పరిశోధనకు మన చట్టమే అవకాశమిచ్చినది. రాజ్యాంగపు 47వ అధికరణము గూడ మత్తుద్రవ్యముల నిషేధమునకై ప్రభుత్వము పాటుపడవలెనని చెప్పుచు వైద్యోపయోగమును మినహాయించెను.

ఇక చట్టసమ్మతవాదులలో ఉత్తముల వాదము మిగిలియున్నది. పెద్దవాడైన మనుష్యుడు ఒరులకు కీడు చేయక తన యింట తానేమి సేవించినను అడుగుటకు రాజ్యమెవరు? బలవంతపు సుగుణము సుగుణమా? దీనిని తేలికగా కొట్టివేయువారితో నేను ఏకీభవింపను. దమము లోపలినుండి పుట్టవలసినది. దండముతో దానిని పుట్టింపజాలము. కారాగారభయమున గంజాయి మానినవాడు సంయమి కాడు, భీరువు. కాని "స్వతంత్రుడ"నను మాటకు తన్ను తాను ఏలుకొనువాడని యర్థము గదా. ఏ వస్తువు యొక్క పనియే ఏలువానిని సింహాసనమునుండి దింపుటయో, దానిని స్వాతంత్ర్యము పేర కోరుట యెట్లు పొసగును? మొదటి చిలుమును స్వతంత్రుడే అంటించుకొనును. నూఱవ చిలుము నంటించునది ఆ స్వతంత్రుడేనా?

మన తెలుగుదేశపు అనుభవము ఇచట ఉపకరించును. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. అది శాసనసభలో పుట్టిన యుద్యమము కాదు. కూలి డబ్బు దుకాణము పాలగుచుండగా పస్తులున్న తల్లులలో పుట్టినది. దాని బలమున 1993లో సారా నిషేధము, 1995లో సంపూర్ణమద్యనిషేధము వచ్చినవి. 1997లో రాబడి లేదని ప్రభుత్వము సంపూర్ణనిషేధమును సడలించెను. ఆ స్త్రీల హృదయమున నిషేధము తపస్సు. ఖజానాలో అది నష్టము. చట్టమునకు వెనుక జనుల దమమున్నంతకాలము అది నిలిచినది. కేవలము దండమే మిగిలినపుడు కూలినది.

గంజాయి చట్టపు దండము ఎవరి వీపున పడుచున్నదో గూడ చూడవలెను. విశాఖ మన్యమున, నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, జి. మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు మండలముల కొండవాలులలో పండు గంజాయి దేశమంతట చేరుచు వచ్చినది. అందు ప్రసిద్ధమైన రకమునకు పేరు "శీలావతి"! పతివ్రత పేరు మత్తునకు పెట్టిన ఆ రసికుడెవ్వడో. 2021 చివర "ఆపరేషన్ పరివర్తన" పేర పోలీసులు వేలాది యెకరముల తోటలను నఱికించిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గఱ సుమారు 2 లక్షల కిలోల గంజాయిని రాశులుగా పోసి తగులబెట్టిరి. పంట పండించినవాడు కొండరైతు. మూట మోసినవాడు కొద్దిపాటి కూలికి ఆశపడిన యువకుడు. పెట్టుబడి పెట్టినవాడు మైదానముననో, పరరాష్ట్రముననో సుఖముగా నుండును. 20 కిలోల మూటతో పట్టుబడువాడు తఱచుగా ఆ మూడవవాడు కాడు. కాఫీ, మిరియము, పసుపు ఆ కొండలలో చక్కగా పండును. వానికి గిట్టుబాటు ధర, కొనువాడు, త్రోవ చూపక తోట మాత్రము నఱికిన పరివర్తన సగము పరివర్తనమే.

కావున నా తలంపు ఇది. గంజాయి వ్యాపారమునకు తలుపు తెఱువరాదు. వైద్యమునకు, పరిశోధనకు ఇపుడున్న త్రోవను వెడల్పు చేయవలెను. భంగును గూర్చి ఉత్తరదేశపు ప్రభుత్వములు రుసుముపై గాక అదుపుపై దృష్టి నిలుపవలెను. సేవించి చెడినవానిని మాత్రము నేరస్థుడుగా గాక రోగిగా చూడవలెను. ఇది మెత్తదనమని కొందఱకు తోచవచ్చును. మనువు సురాపానమును మహాపాతకములలో చేర్చి, ప్రాయశ్చిత్తము చేసికొననివాని నొసట రాజు ముద్ర వేయింపవలెనని విధించెను. ఆ శిక్ష నేటి మనస్సునకు క్రూరముగా తోచును, తోచవలెను గూడ. కాని వెంటనే ఆ స్మృతియే, ప్రాయశ్చిత్తమునకు పూనుకొనినవాని నొసట ఆ ముద్ర వేయరాదని, జరిమానాతో విడువవలెనని చెప్పినది. తనంత తాను శుద్ధికి సిద్ధపడినవాని నొసట మచ్చ పెట్టుటకు అంతటి కఠినశాసనకర్తకు గూడ చేయి రాలేదు.

మన 1985 నాటి చట్టమునకు తరువాత చేర్చిన 64ఏ విభాగము ఇదే పలుకుచున్నది. కొద్దిపాటి మత్తుపదార్థముతో పట్టుబడిన వ్యసనపరుడు తనంత తాను గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు చేరి దానిని పూర్తిచేసినచో అతనిపై విచారణ నడువదు. ఎంత చక్కని విభాగము! అయితే చికిత్స యెక్కడ? ఘాజియాబాదు వైద్యుల నివేదికయే చెప్పినది: చట్టవిరుద్ధమైన మత్తులకు బానిసలైనవారిలో 20 మందికి ఒక్కనికి మాత్రమే ఏదో యొక చికిత్స అందుచున్నది. మిగిలిన 19 మందికి తెఱచియున్న తలుపులు రెండే, అమ్మువానిదియు, పోలీసు ఠాణాదియు. పాడేరు కొండలలోని యువకుడు ఆసుపత్రికి పోదలచినచో ఎన్ని క్రోసులు నడువవలెనో, నడచి చేరిన పిదప అచట పడక ఖాళీగా నుండునో లేదో, గంజాయి చట్టసమ్మతము కావలెనా వలదా యని వాదించుకొను మన మిరుపక్షములవారమును ముందు విచారింపవలసియున్నది.